ప్లాంట్ ఇకాలజీ ల్యాబ్‌లో చేరాలంటే ముందు ఏం చేతికి రావాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఎం.ఎస్సీ బాటనీ చివరి ఏడాదిలో ఉన్నారు, యూనివర్సిటీలో ప్లాంట్ ఇకాలజీ (మొక్కలకూ పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రం) ల్యాబ్‌లో చేరాలని ఉంది, నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కు, లెక్చరర్ ఉద్యోగానికి రాసే జాతీయ అర్హత పరీక్ష) ఇంకా రాలేదు, ఇరవై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెడితే ఒక్కరూ జవాబివ్వలేదు.

నెట్ లేకపోవడం ఇక్కడ అసలు అడ్డంకి కాదు. ఇకాలజీ ల్యాబ్ నడిపేవాళ్లకు ఉండే పెద్ద భయం ఒక్కటే: అడవిలో తమ కళ్లెదుట లేనప్పుడు కుర్రాడు రాసుకొచ్చే అంకెలు నమ్మొచ్చా, లేదా? మొక్క పేరు తప్పైతే, కొలత తప్పైతే రెండేళ్ల తర్వాత సరిదిద్దడానికి దారి ఉండదు. మీ మెయిల్ ఆ భయాన్ని కొంచెమైనా తగ్గించాలి. ‘నాకు ప్రకృతి అంటే ప్రాణం’ అన్న వాక్యం ఆ పని చేయదు.

లోపలికి వెళ్లే దారులు మూడు. డిసర్టేషన్ లేదా ఇంటర్న్‌షిప్ మొదటిది: రెండు నుంచి ఆరు నెలలు, జీతం దాదాపు ఉండదు. రెండోది ప్రాజెక్ట్ ఉద్యోగం. ప్రొఫెసర్‌కు గ్రాంటు వస్తే అందులో ఒకటో రెండో పోస్టులు ఉంటాయి. ప్రకటన సంస్థ వెబ్‌సైట్‌లో ఏదో మూల కనిపిస్తుంది, గడువు తక్కువ, ఎంపిక ఇంటర్వ్యూతో. మూడోది పీహెచ్‌డీ. నెట్ గానీ గేట్ గానీ నిజంగా అవసరమయ్యేది జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) స్థాయి పోస్టుకూ, ఫెలోషిప్‌తో చేసే పీహెచ్‌డీకీ. ప్రాజెక్ట్ అసిస్టెంట్, ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టులకు చాలాచోట్ల ఎం.ఎస్సీ చాలు. మీకు రెండో దారే నప్పుతుందని నా అభిప్రాయం. ఏడాది పని చేస్తూ నెట్ రాసుకోవచ్చు. ఆ గైడ్ దగ్గర ఐదారేళ్లు గడపగలరా లేదా అన్నది కూడా ఈలోపు తేలిపోతుంది.

ల్యాబ్ ఎంపిక దగ్గరికి వద్దాం. డిపార్ట్‌మెంట్ పేరు చూసి మెయిల్ పెట్టడం అందరూ చేసే తప్పు. ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, శ్రీవేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన యూనివర్సిటీల్లో బాటనీ విభాగాలు ఉన్నాయి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్లాంట్ సైన్సెస్ విభాగం ఉంది. కానీ బాటనీ విభాగంలో ఇకాలజీ చేసేది సాధారణంగా ఒకరో ఇద్దరో. మిగతావాళ్లది టిష్యూ కల్చర్, ఫిజియాలజీ, మాలిక్యులర్ బయాలజీ, ఔషధ మొక్కల రసాయనాలు. వాళ్లకు అడవి గురించి రాస్తే జవాబు రాకపోవడంలో వింతేముంది? మన రాష్ట్రాల బయట బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ ఇకలాజికల్ సైన్సెస్, అదే ఊళ్లోని ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), ఏట్రీ (పర్యావరణ పరిశోధన సంస్థ), పాండిచ్చేరి యూనివర్సిటీ ఇకాలజీ విభాగం, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ చూడండి. దగ్గర్లో తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది.

ఒక్కొక్కరి గత ఐదేళ్ల పరిశోధన పేపర్లు తీసి పద్ధతుల భాగం మాత్రం చదవండి. అక్కడే అసలు సంగతి తెలుస్తుంది. కొందరు శాశ్వత ప్లాట్లలో ఏళ్ల తరబడి అవే చెట్లను కొలుస్తారు. తమిళనాడులోని ముదుమలైలో ఐఐఎస్‌సీ వాళ్లు 1988లో వేసిన 50 హెక్టార్ల ప్లాటు అలాంటిది, అందులో 1 సెం.మీ. వ్యాసం దాటిన ప్రతి చెట్టుకూ, పొదకూ నంబరు ఉంటుంది. కొందరు షేడ్‌నెట్ కింద కుండీల్లో మొలకలు పెంచి నీడ, నీరు మార్చి చూస్తారు. కొందరి పని అంతా శాటిలైట్ చిత్రాల మీద. ఐదేళ్ల పేపర్లన్నీ ‘ఫలానా కొండల్లో ఇన్ని జాతులు’ అనే జాబితాలే అయితే అక్కడ మొక్కల గుర్తింపు గట్టిగా వస్తుంది. అది చిన్న విద్య కాదు. కానీ ఈ జాతి ఇక్కడే ఎందుకుంది, పక్క లోయలో ఎందుకు లేదు అని అడగడం అక్కడ నేర్చుకోలేరు.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్ చేయకూడదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. పేరున్న పెద్దాయన మీ మెయిల్‌కు జవాబివ్వకపోవడానికి కారణం బహుశా ఇదే. విభాగంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు స్కాలర్లు కావాలి, ఆవిడో ఆయనో మీతో పాటు ఫీల్డ్‌కు వస్తారు కూడా.

ఇప్పుడు, మెయిల్ రాసే ముందు చేయాల్సిన పని. ఈ జవాబులో ముఖ్యమైన భాగం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మీ ఊరి దగ్గరే, అనుమతి అక్కర్లేని చోట, ఒక చిన్న అధ్యయనం మీరే చేయండి. సర్కారు తుమ్మ లేని ఊరు మన దగ్గర లేదు. 1870లలో ఇది మన దేశానికి వచ్చినప్పుడు మొదట నాటిన చోట్లలో కడప జిల్లా ఒకటి. ‘సర్కారు తుమ్మ కింద చిన్న మొక్కల జాతులు బయటి కంటే తక్కువా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

కాలం ముఖ్యం. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో చేయాలి. వానకు మొలిచిన ఏకవార్షికాలు అప్పుడే పూతకొస్తాయి. ఏప్రిల్‌లో వెళ్తే ఎండుపుల్లలు తప్ప ఏమీ దొరకదు. చెరువు గట్టో, బంజరో, కాలేజీ వెనక ఖాళీ స్థలమో చూసుకుని ఒకదానికొకటి కనీసం 30 మీటర్ల దూరంలో ఉన్న 10 చెట్లను ఎంచుకోండి. దట్టంగా అల్లుకుపోయిన కంప వద్దు, విడిగా నిలబడ్డ చెట్లు కావాలి. ‘బాగున్న’ చెట్లను కంటితో ఏరకండి. ఉన్నవాటన్నిటికీ నంబర్లు వేసి చీటీలు తీయండి.

అర అంగుళం పీవీసీ పైపు 4 మీటర్లు, నాలుగు ఎల్బోలు తెస్తే 1 మీ. × 1 మీ. క్వాడ్రాట్ (మొక్కలు లెక్కపెట్టడానికి నేల మీద పరిచే చతురస్రపు చట్రం) తయారవుతుంది. పైపు ముక్కల కొలత కాదు, బిగించాక లోపలి అంచు నుంచి అంచుకు మీటరు రావాలి; ఎల్బోలు కొంత కలుపుతాయి, కొంత మింగుతాయి. జిగురు పెట్టకండి, విప్పి సంచిలో పెట్టుకోవచ్చు. ప్రతి చెట్టు కిందా మొదలుకూ కొమ్మల అంచుకూ మధ్యలో ఒక క్వాడ్రాట్, కొమ్మల అంచు దాటి అంతే దూరం బయటకు ఇంకొకటి. దిక్కు ఏదన్నది కూడా చీటీతోనే. అలా పది జతలు.

క్వాడ్రాట్‌లో వేరు లోపల ఉన్న మొక్కనే లెక్కపెట్టాలి, బయట వేరుండి లోపలికి వాలినదాన్ని వదిలేయాలి. ఈ నియమం రాసి పెట్టుకోకపోతే మూడో క్వాడ్రాట్‌కే మనసు మారుతుంది. గరికలాంటి పాకే గడ్డిని ఒక్కొక్కటిగా లెక్కించడం కుదరదు, కాబట్టి ప్రతి జాతికీ అది కప్పిన నేల శాతం రాయండి. 10 సెం.మీ. × 10 సెం.మీ. అట్టముక్క ఒకటి దగ్గరుంచుకోండి, మీటరు క్వాడ్రాట్‌లో అది సరిగ్గా 1 శాతం. ఇద్దరు వెళ్తే మొదటి ఐదు క్వాడ్రాట్లు విడివిడిగా అంచనా వేసి పోల్చుకోండి. ఒకరు 20 శాతం అన్నదాన్ని రెండోవారు 45 అంటారు, నవ్వొస్తుంది కానీ పేపర్లలోని డేటాలో కూడా ఇదే జరుగుతుంది. ఇద్దరి కళ్లూ కలిశాకే అసలు పని మొదలుపెట్టాలి. వయ్యారిభామ ఉంటే చేతులకు గ్లౌజులు తప్పవు, దాని వల్ల కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి.

గుర్తుపట్టలేని మొక్క ప్రతి క్వాడ్రాట్‌లో ఒకటైనా ఉంటుంది, ముఖ్యంగా పూత లేని గడ్డి. దాన్ని వదిలేయకూడదు, ఊహించి పేరు పెట్టకూడదు. ‘గడ్డి-1’, ‘గడ్డి-2’ అని రాసి క్వాడ్రాట్ బయట దొరికిన అదే మొక్కను వేరుతో సహా తీసి పాత న్యూస్‌పేపర్‌లో నొక్కండి. వానాకాలంలో పేపరు రోజూ మార్చాలి, లేకపోతే మూడో రోజుకు బూజు. నంబరు, తేదీ, చోటు, పువ్వు రంగు అప్పటికప్పుడే రాయాలి. ఎండాక రంగు నిలవదు. హెర్బేరియం షీటు, అంటే ఎండిన మొక్కను అంటించే అట్ట, 42 × 28 సెం.మీ. పేర్లు సరిచూసుకోవడానికి హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రంలో హెర్బేరియం (ఎండబెట్టి పేరు రాసి దాచిన మొక్కల భాండాగారం) ఉంది, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఉంది. ముందుగా ఉత్తరం రాసి వెళ్లాలి. మొక్క పేరు తేల్చే ఫోన్ యాప్‌లు కుటుంబం వరకు బాగానే చెప్తాయి. గడ్డి, తుంగ, బంతి కుటుంబం దగ్గర వాటిని నమ్మి జాతి పేరు రాశారంటే ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

పేర్లు మారాయన్నది కూడా తెలిసుండాలి. సర్కారు తుమ్మ ప్రోసోపిస్ జులిఫ్లోరా అని చదువుకున్నాం, 2022 తర్వాత నెల్టుమా జులిఫ్లోరా. నల్లతుమ్మ అకేషియా నుంచి వాచెలియాకు పోయింది. చిరుమాను అనోజీసస్ లాటిఫోలియా ఇప్పుడు టెర్మినేలియా అనోజీసియానా. గ్యాంబుల్ మద్రాస్ ఫ్లోరాలో (మద్రాస్ ప్రాంత మొక్కల పుస్తకం) కీ (లక్షణాలు ఒక్కొక్కటిగా పోల్చి పేరు తేల్చే పట్టిక) పట్టుకుని గుర్తించండి, తర్వాత ఆ పేరును క్యూ గార్డెన్స్ ఆన్‌లైన్ జాబితాలో సరిచూడండి. రెండూ చేయాలి. పాతపేరు కొన్ని వరుసల్లో, కొత్తపేరు కొన్నిట్లో ఉంటే ఒకే చెట్టు రెండు జాతులై కూర్చుంటుంది.

డేటా ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు ఒక వరుసలో ఒక క్వాడ్రాట్‌లోని ఒక జాతి: తేదీ, చెట్టు నంబరు, లోపల/బయట, జాతి, శాతం. గడుల్ని కలపడం, రంగులతో అర్థం చెప్పడం వద్దు, వాటిని ఆర్ (గణాంకాలకు వాడే సాఫ్ట్‌వేర్) చదవలేదు. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా వచ్చినా, పేరు చివర ఒక ఖాళీ ఉన్నా జాతుల సంఖ్య పెరిగిపోతుంది, కాబట్టి ముందుగా జాతుల పేర్లన్నీ ఒకసారి అక్షరక్రమంలో పేర్చి చూడండి. ఆ తర్వాత లోపల-బయట జాతుల సంఖ్యను విల్కాక్సన్ జత పరీక్షతో (జతల మధ్య తేడా చూసే గణాంక పరీక్ష) పోల్చండి. ఆర్‌లో వేగన్ ప్యాకేజీతో బ్రే-కర్టిస్ తేడా (రెండు క్వాడ్రాట్ల జాతుల కూర్పు ఎంత వేరో చెప్పే అంకె) లెక్కించి, పోలిక ఉన్న క్వాడ్రాట్లను దగ్గరగా చూపే ఆర్డినేషన్ బొమ్మ ఒకటి గీయండి. ఇంతకంటే ఏమీ వద్దు. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది: ఒకే చెట్టు కింద పది క్వాడ్రాట్లు వేసి ‘పది శాంపిళ్లు’ అనడం. అవి ఒకే చెట్టును పదిసార్లు కొలవడమే. 1984లో ఇకాలజిస్టు హర్ల్‌బర్ట్ దీనికి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు, ఇప్పటికీ మన థీసిస్‌లలో సగం దీనితోనే నిండి ఉంటాయని చెప్తే పెద్ద తప్పు కాదు.

ఫలితంలో తేడా కనిపించకపోయినా ఫర్వాలేదు. రెండు పేజీల రిపోర్టు, ఒక బొమ్మ, డేటా ఫైలు చేతిలో ఉంటే చాలు.

ఇక మెయిల్. 150 నుంచి 200 ఇంగ్లిష్ పదాలు. మొదటి వాక్యంలో మీరెవరు, ఏం అడుగుతున్నారు (డిసర్టేషన్, ప్రాజెక్ట్ పోస్టు, పీహెచ్‌డీ), ఏ నెల నుంచి. రెండో ముక్కలో వాళ్ల పేపర్ ఒకదాని గురించి ఒక నిజమైన ప్రశ్న: ‘మీరు మొలకల్ని వానకు ముందు లెక్కపెట్టారు, వాన తర్వాత లెక్కపెడితే క్రమం మారుతుందా?’ లాంటిది. పొగడ్త వద్దు. మూడో ముక్కలో మీ సర్కారు తుమ్మ పని రెండు వాక్యాల్లో, రిపోర్టు జతచేసి. సీవీ రెండు పేజీలు, పీడీఎఫ్‌లో, ఫైలు పేరులో మీ పేరు. ‘రెస్పెక్టెడ్ సర్/మేడమ్’ అని అందరికీ ఒకే ఉత్తరం బీసీసీలో పెడితే ఎదుటివాళ్లకు క్షణంలో తెలుస్తుంది. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి, కోపం పెట్టుకోకండి.

నెట్ గురించి క్లుప్తంగా. సీఎస్‌ఐఆర్ లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు: ఎ భాగంలో 20లో 15, బి భాగంలో 50లో 35, సి భాగంలో 75లో 25 రాయాలి. సి భాగంలో ఒక్కో ప్రశ్న 4 మార్కులు. తప్పుకు పావు వంతు పోతుంది. బాటనీ వాళ్లు 13 యూనిట్లూ చదవాలని కూర్చుని మాలిక్యులర్ బయాలజీలో మునిగిపోతారు. ఇకాలజీ, పరిణామం–ప్రవర్తన, అనువర్తిత జీవశాస్త్రం, పద్ధతులు అనే చివరి నాలుగు యూనిట్లను (10 నుంచి 13) పూర్తిగా పట్టి, మొక్కల ఫిజియాలజీ, జీవ వైవిధ్యం కలిపితే సి భాగంలో ఏరుకోవడానికి సరిపడా ప్రశ్నలు ఉంటాయి. 2024 నుంచి మార్కులను బట్టి మూడు వర్గాలు వచ్చాయి, చివరిది పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే పనికొస్తుంది, దాంతో డబ్బు రాదు. గేట్‌లో ఇకాలజీ అండ్ ఎవల్యూషన్ అని విడిగా పేపర్ ఉందని మన బాటనీ పిల్లల్లో చాలామందికి తెలియదు. అది కూడా రాయండి. ఎన్‌సీబీఎస్ లాంటి చోట్లకు టీఐఎఫ్ఆర్ నిర్వహించే జేజీఈఈబిల్స్ (JGEEBILS) పరీక్ష వేరే ఉంది. జేఆర్‌ఎఫ్ 2023 సవరణ తర్వాత నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్‌ఎఫ్ 42,000, అద్దె భత్యం అదనం.

ప్రాజెక్ట్ ఇంటర్వ్యూలో అడిగేవి పుస్తకంలో తక్కువగా ఉంటాయి. ‘మీ కాలేజీ గేటు నుంచి డిపార్ట్‌మెంట్ దాకా ఉన్న చెట్లు చెప్పండి.’ ‘20 × 20 మీటర్ల ప్లాటు కొండవాలు మీద ఎలా వేస్తారు?’ ‘చెట్టు చుట్టుకొలత ఎక్కడ తీస్తారు?’ చాలామంది ఈ రెండో మూడో ప్రశ్న దగ్గర తడబడతారు. అందుకే చెట్ల కొలతల గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ప్లాటు అంటే పటం మీది వైశాల్యం, నేల మీది వైశాల్యం కాదు. 30 డిగ్రీల వాలు మీద టేపు నేల వెంబడి 20 మీటర్లే లాగితే పటం మీద మీకు దక్కేది 17.3 మీటర్లు, 400 చదరపు మీటర్ల ప్లాటు 346కు పడిపోతుంది, మీ సాంద్రతలన్నీ తప్పు. వాలు వెంబడి 23.1 మీటర్లు లాగాలి, అంటే 20ని వాలు కోణం కొసైన్‌తో భాగించాలి. చదునైన చోట మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో కర్ణంతో చూడండి: 20 × 20కి 28.28 మీటర్లు, 0.1 హెక్టారుకు వేసే 31.62 మీటర్ల చతురస్రానికి 44.72. టేపు ఫైబర్‌గ్లాస్‌ది కొనండి. దర్జీ టేపు సాగుతుంది.

చుట్టుకొలత ఏ ఎత్తులో తీయాలన్న దగ్గర ఒక చిక్కుంది. అంతర్జాతీయంగా ఇకాలజీలో 1.3 మీటర్లు. మన అటవీ శాఖ వాడుక 1.37 మీటర్లు, నాలుగున్నర అడుగుల లెక్క. ల్యాబ్‌లో ఏది వాడుతున్నారో మొదటి రోజే అడిగి, అంత పొడవు కర్ర ఒకటి కోసుకుని వెంట ఉంచుకోండి. వాలు మీద ఎగువ వైపు నుంచి కొలవాలి. వంగిన చెట్టుకు ఒరిగిన వైపు నుంచి మాను వెంబడి కర్ర పెట్టాలి. ఆ ఎత్తులో బుడిపె, గాయం, కొమ్మ మొదలు ఉంటే సాఫీగా ఉన్న చోటికి జరిగి ఆ ఎత్తు రాయాలి. అది రాయకపోతే వచ్చేసారి కొలిచినవాళ్లకు మీ చెట్టు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. నేల దగ్గరే చీలిన తునికి, మోదుగ లాంటివాటికి ప్రతి కాండం విడిగా కొలిచి ఒకే చెట్టు నంబరు కింద రాయాలి. చుట్టుకొలతలు కూడి ఒక్కటిగా రాయకూడదు, కాండ వైశాల్యాలనే కూడాలి.

అన్నిటికంటే ఖరీదైన తప్పు, చుట్టుకొలతను వ్యాసం గడిలో రాయడం. 62.8 సెం.మీ. చుట్టుకొలత ఉన్న చెట్టు వ్యాసం 20 సెం.మీ., కాండ వైశాల్యం 314 చదరపు సెం.మీ. గడి మారితే అదే చెట్టు దాదాపు పదింతలు అవుతుంది. కార్బన్ లెక్కలో నల్లమల అమెజాన్‌ను దాటిపోతుంది, గైడ్‌కు అనుమానం వచ్చేసరికి సమీక్షకుల ఉత్తరం వచ్చి ఉంటుంది. ఏ యూనిటో ప్రతి పేజీ పైన రాయండి. పెన్సిల్‌తో రాయండి, చెమటకు, వానకు పెన్ను సిరా నిలవదు. సాయంత్రం క్యాంపుకు రాగానే ప్రతి పేజీ ఫోటో తీసి ఇంకొకరికి పంపండి.

ల్యాబ్ లోపలి పనిలో మొదట అప్పగించేది ఆకుల వైశాల్యం, ఎండు బరువు కొలవడం, మట్టి పరీక్షించడం. ఆకును తడి పేపర్‌తో జిప్ కవర్‌లో పెట్టి చల్లగా తేవాలి. స్కాన్ చేసేటప్పుడు పక్కన స్కేలు పెట్టడం మరిస్తే ఆ వైశాల్యం పనికిరాదు. వేప లాంటి సంయుక్త పత్రాల్లో ఆకు మొత్తమా, చిట్టి ఆకా అన్నది ముందే తేల్చుకోవాలి. ఓవెన్‌లో కాగితపు కవర్లలో 70 డిగ్రీల దగ్గర మూడు రోజులు. తీసిన వెంటనే డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్ర) పెట్టి తూచాలి, వానాకాలంలో టేబుల్ మీద వదిలిన ఆకు నిమిషాల్లో తేమ పీల్చి బరువెక్కుతుంది. మట్టిని నీడన ఆరబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టాలి. మట్టిలోని సేంద్రియ కార్బన్‌ను డైక్రోమేట్ అనే రసాయనంతో కొలిచే వాక్లీ-బ్లాక్ పద్ధతిలో కార్బన్ అంతా బయటపడదు, అందుకే 1.3తో గుణిస్తారు. కోరింగ మడ అడవుల మట్టికి ఇదే పద్ధతి కళ్లు మూసుకుని వాడితే ఉప్పులోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను తినేసి కార్బన్ ఎక్కువ చూపిస్తుంది. సిల్వర్ సల్ఫేట్ కలపాలి. డైక్రోమేట్ వ్యర్థం సింకులో పోసే ల్యాబ్ అయితే ఆ ల్యాబ్ గురించి మీకు చాలా తెలిసినట్టే.

అనుమతుల విషయంలో తొందర పనికిరాదు. అభయారణ్యంలో పరిశోధనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. దరఖాస్తు మీ పేరున కాదు, విభాగాధిపతి ద్వారా వెళ్లాలి: పరిశోధన ప్రతిపాదన, ప్లాట్ల పటం, ఏం సేకరిస్తారు ఎంత సేకరిస్తారు, వెంట వచ్చేవాళ్ల గుర్తింపు పత్రాలు, వాహనం నంబరు, తేదీలు. అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్–శ్రీశైలం లాంటి పులుల రిజర్వుల్లో నెలలు పడుతుంది. పీహెచ్‌డీ మొదటి ఏడాది కోర్సు వర్క్ జరుగుతుండగానే దరఖాస్తు పెట్టాలి. ఉత్తర్వు వచ్చాక కూడా డీఎఫ్‌ఓ, రేంజర్, బీట్ ఆఫీసర్ ముగ్గురినీ కలవాలి, కాపీలు మూడు నాలుగు ఉంచుకోవాలి. శేషాచలంలో ఎర్రచందనం మీద పని అయితే ఉత్తర్వులో రాయని చిన్న చెక్కముక్క కూడా సంచిలో ఉండకూడదు. చెక్‌పోస్టు దగ్గర పరిశోధన అంటే వినరు, వినకపోవడం న్యాయమే. శాంపిళ్లు విదేశీ సహకారికి పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది, అది చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతో మాట్లాడాల్సిన సంగతి.

నల్లమలలో పని చేస్తే వెంట వచ్చే చెంచులకు బెరడు చూసి, నరికితే వచ్చే వాసన చూసి చెట్టు తెలుస్తుంది. ఆకు రాలిన మార్చిలో మీ ఫ్లోరా పుస్తకం ఎందుకూ పనికిరాదు. వాళ్ల కూలి ఏ రోజుది ఆ రోజే ఇవ్వాలి, గ్రాంటు రాలేదన్న మాట వాళ్లకు చెప్పకూడదు. పేపర్‌లో కృతజ్ఞతల్లో పేర్లు రాయాలి, వాళ్లను అడిగాకే.

చేరే ముందు ల్యాబ్‌లో ఇప్పుడున్న స్కాలర్లతో ఫోన్‌లో విడిగా మాట్లాడండి. అంతకుముందువాళ్లు ఎన్నేళ్లలో థీసిస్ ఇచ్చారు? నిబంధన ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. ఫీల్డ్ ఖర్చుకు అడ్వాన్స్ ఇస్తారా, మీరు పెట్టుకుంటే తర్వాత ఇస్తారా? ప్రాజెక్టు వదిలి వెళ్తే మీరు సేకరించిన డేటాపై వచ్చే పేపర్‌లో మీ పేరు ఉంటుందా? క్యాంపులో ఆడపిల్లలకు గది, బాత్‌రూమ్ ఉన్నాయా, రాత్రి ప్రయాణం ఎవరితో? ఈ ప్రశ్నలకు స్కాలర్లు నసిగితే అదే జవాబు. ఫెలోషిప్, ప్రాజెక్ట్ జీతం నెలనెలా రావు. మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఊరు మారకండి.

విదేశాల మాట కూడా అడిగారు. అమెరికాలో పీహెచ్‌డీ అయితే సాధారణంగా టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ జీతంతో వస్తుంది, డబ్బు కట్టి చేసేది కాదు. గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో. ప్రొఫెసర్లకు ఆగస్టు–అక్టోబర్ మధ్య రాయాలి. ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా జాతీయ సైన్స్ సంస్థ) నడిపించే ఆర్‌ఈయూ వేసవి పరిశోధన కార్యక్రమాలు అక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే, వాటికి దరఖాస్తు పెట్టి సమయం పోగొట్టుకోకండి. అమెరికన్ ఇకలాజికల్ సొసైటీ వారి ఇకోలాగ్ మెయిలింగ్ లిస్టులో చేరితే పోస్టుల ప్రకటనలు నేరుగా వస్తాయి.

ఫీల్డ్‌కు వెళ్లేవాళ్లు మర్చిపోయే విషయం ఒకటి. పొదల్లో తిరిగాక వారం పది రోజులకు జ్వరం వస్తే, చంకలోనో నడుము దగ్గరో కాలినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూసుకోండి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. మామూలు వైరల్ జ్వరమని మాత్రలు వేసుకుంటే ముదురుతుంది. డాక్టర్‌కు ‘అడవిలో పని చేశాను’ అని మీరే ముందు చెప్పాలి, ఆయన అడగరు. పాడేరు, రంపచోడవరం వైపు వెళ్లొస్తే మలేరియా పరీక్ష కూడా చేయించుకోండి. దురదగొండి కాయల కాలంలో పూర్తి చేతుల చొక్కా, పాములకు మోకాలి దాకా గమ్‌బూట్లు, పెద్ద తేనెటీగల పట్టులున్న కొండ కింద సెంటు వాసన ఉండకూడదు. ఒంటరిగా మాత్రం ప్లాటుకు వెళ్లకండి, గైడ్ చెప్పినా సరే.